గుంటూరు అమ్మాయి, చాపెల్‌లో ఏడు నిమిషాలు

ఈ వారం ఉత్తరం అమెరికా నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 20 ఏళ్ళు. పేరూ, యూనివర్సిటీ పేరూ వెయ్యొద్దని అడిగింది కాబట్టి వెయ్యడం లేదు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైనవి పోకుండా కుదించి చెబుతాను.

వీళ్ళది పల్నాడు, ఈ అమ్మాయి పెరిగింది మాత్రం గుంటూరులో. నాన్న స్కూల్ టీచర్. నాన్నమ్మ గుంటూరు స్టాల్ స్కూల్లో హాస్టల్లో ఉండి చదువుకుంది, తాతయ్య ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీలో చదివాడు, ఐదు తరాలుగా లూథరన్, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవ కుటుంబం. ఇప్పుడు మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉన్న లూథరన్ యూనివర్సిటీలో బయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. స్టూడెంట్లు మొత్తం రెండు వేలమంది కూడా ఉండరట. ఒకటే డైనింగ్ హాలు, ప్రొఫెసర్లకి అందరి పేర్లూ తెలుసు, ఎవరికి జ్వరం వచ్చినా సాయంత్రానికి క్యాంపస్ అంతటికీ తెలిసిపోతుంది. పొద్దున పదింటికి ఇరవై నిమిషాలు చాపెల్, అంటే క్యాంపస్ గుడిలో ప్రార్థన ఉంటుంది, ఆ టైములో క్లాసులు పెట్టరు, వెళ్ళి తీరాలన్న రూలేమీ లేదు. మొదటి చలికాలంలో కోటు కొనిపెట్టి, ఎయిర్‌పోర్టు నుంచి కారులో తీసుకొచ్చింది కూడా అక్కడి క్యాంపస్ పాస్టర్‌గారే, ఆవిడంటే ఈ అమ్మాయికి చాలా ఇష్టం.

ఆవిడే ఇప్పుడు ఒక మెయిల్ పెట్టారు. ఫిబ్రవరిలో ఒక వారమంతా చాపెల్‌లో విదేశీ విద్యార్థులతో మాట్లాడిస్తారట. "మీ కుటుంబం క్రీస్తును ఎలా తెలుసుకుంది, ఎప్పుడు మతం మారింది, ఏడు నిమిషాల్లో చెప్పు, వీలైతే చీర కట్టుకుని రా" అని అడిగారు. లైవ్ పెడతారు, డైనింగ్ హాలు తలుపు మీద ఫొటోతో పోస్టర్ వేస్తారు, పాత విద్యార్థులకి పంపే పత్రికలో కూడా వేస్తామన్నారు.

అక్కడ తెలుగువాళ్ళు తొమ్మిదిమంది, ఎక్కువగా మాస్టర్స్ చేసేవాళ్ళు. శనివారం రాత్రి ఒకళ్ళ ఫ్లాట్‌లో కలిసి వండుకుంటారు. వచ్చిన మొదటి నెలలోనే ఒకబ్బాయి ఉల్లిపాయలు తరుగుతూ ఇంటిపేరు అడిగాడు, అది విన్నా అంతుపట్టక "మీరేమిటోళ్ళు?" అని నేరుగానే అడిగేశాడు. ఈ అమ్మాయి "బీసీలం" అంది. ఇంట్లో ఉన్నది ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్, కాబట్టి అన్నది నిజమే, కానీ ఆ "సీ" చెప్పలేదు. ఆ తర్వాత ఇంకోసారి చాపెల్ గంట వినబడితే ఎవరో "మనూళ్ళో పాలపిండి కోసం మారినోళ్ళంతా వీళ్ళ పుణ్యమే" అన్నారట, అందరూ నవ్వారు. "నేనూ నవ్వాను మేడమ్. నవ్వి, చేతిలో కంచం పట్టుకుని అలాగే కూర్చున్నాను, అన్నం లోపలికి పోలేదు" అని రాసింది.

ఇంట్లో నాన్నకేమో మెయిల్ సంగతి చెప్పగానే పట్టరాని సంతోషం. వాళ్ళ గుడిలో అయ్యగారికి కూడా చెప్పేశాడు, వీడియో కోసం ఎదురు చూస్తున్నారు. అమ్మ మాత్రం "ఆలోచించుకో" అంది. ఈ టెన్షన్‌లో సెమినార్ క్లాసులో నోరు విప్పకపోవడంతో బీ-మైనస్ వచ్చింది. అసలు తనకి నమ్మకం ఉందో లేదో కూడా ఈమధ్య తెలియడం లేదట. మాట్లాడాలా వద్దా, లేకపోతే ఈ గొడవంతా వదిలేసి మావయ్య వాళ్ళుండే డాలస్ దగ్గర ఏదైనా పెద్ద యూనివర్సిటీకి మారిపోవాలా అని అడుగుతోంది.

అమ్మా, నీది నా కూతురి వయసు, అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేనూ మీ ఊరిదాన్నే, బ్రాడీపేటలో పెరిగాను. లూథరన్‌ని కాదు, మీ కులమూ కాదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఆదివారం తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్ళొచ్చేది, మిగతా ఆరు రోజులూ మా పెరట్లో ఆవిడ కాఫీ గ్లాసు గోడమీద విడిగా బోర్లించి ఉండేది. ఆ గ్లాసు విడిగా ఎందుకుందని అడగడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. కాబట్టి "అమెరికాలో కూడా ఇవన్నీ ఏంటమ్మా, నీ ఊహే" అని నేను అనను. మన జిల్లాలో లూథరన్ అంటే ఎదుటివాళ్ళు మతం గురించి ఆలోచించరు, కులం లెక్కేసుకుంటారు. అది నీకు తెలుసు, ఉల్లిపాయలు తరిగే అబ్బాయికీ తెలుసు. పాస్టర్‌గారికి మాత్రం తెలీదు.

నీ ఇబ్బందంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. పాస్టర్‌గారు ఏమీ తెలీక అడిగారు, వంటింట్లో అబ్బాయి అంతా తెలిసే అడిగాడు. రెండూ ఒకేసారి మీదపడేసరికి నీకు ఒకే భయంలా కనిపిస్తున్నాయి. విడదీసి చూడు. ఒకచోట నువ్వు చెబితే అర్థం చేసుకునే మనిషి ఉంది. రెండోచోట చెప్పకముందే తీర్పు రాసిపెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. రెండిటికీ ఒకే మందు పనిచెయ్యదు.

ముందు పాస్టర్‌గారి సంగతి. "ఎప్పుడు మారారు" అన్న మాట నీకు గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే. నీ రూమ్మేట్ మినెసోటా నుంచి వచ్చిన నార్వే సంతతి అమ్మాయి అన్నావు, థ్యాంక్స్‌గివింగ్‌కి వాళ్ళింటికి వెళితే వాళ్ళ అమ్మమ్మ కూడా ఇదే ప్రశ్న అడిగిందన్నావు. ఆవిడని ఎవరైనా ఎప్పుడైనా "మీరెప్పుడు మారారు" అని అడిగారా? నార్వే లూథరన్ దేశం అయింది డెన్మార్క్ రాజు ఆజ్ఞతో, 1537లో. ప్రజల్ని అడిగి చేసిన పని కాదది. మీ తాతయ్య తాతలు పల్నాడు పల్లెల్లో వెట్టి చేస్తూ, ఊరి బావి ముట్టుకోనివ్వని రోజుల్లో, ఊరి పెద్దలు కక్షగడతారని తెలిసి కూడా పేరు రాయించుకున్నారు. ఎవరిది సొంత నిర్ణయమో నువ్వే చెప్పు.

ఇంకోటి కూడా. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరులో దిగింది 1842 జులై 31న. మీ నాన్నమ్మ ఆయన గురించి నిన్న గాక మొన్న చూసినట్టు మాట్లాడుతుందన్నావు కదా, చదివి నవ్వుకున్నాను, మా వీధిలో ముసలమ్మలూ అంతే. అప్పటికి మినెసోటా ఒక రాష్ట్రమే కాదు, రాష్ట్రం అయింది 1858లో. ఆ రాష్ట్రంలో గస్టవస్ అడాల్ఫస్ అనే లూథరన్ కాలేజీ మొదలైంది 1862లో. అంటే మీ రూమ్మేట్ వాళ్ళ రాష్ట్రంలో ఆ కాలేజీ పుట్టేనాటికి గుంటూరులో లూథరన్ సంఘానికి ఇరవై ఏళ్ళు. పైగా అదే హేయర్ మన దగ్గర్నుంచి వెళ్ళాక మినెసోటాలో సంఘాలు కట్టి, 1860లో అక్కడి లూథరన్ సినడ్‌కి, అంటే సంఘాల సమాఖ్యకి, మొదటి అధ్యక్షుడు అయ్యాడు, ముసలితనంలో మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి వచ్చాడు. నీ రూమ్మేట్ వాళ్ళ రాష్ట్రంలో లూథరన్ల చరిత్రలోనూ నీ సంఘ చరిత్రలోనూ ఒకే మనిషి ఉన్నాడు, ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసా? అడిగి చూడు. తెలియకపోతే ఆ చాపెల్‌లో కూర్చునేవాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు.

ఇప్పుడు నీ ముందున్న దారులు చూద్దాం.

వద్దని చెప్పెయ్యొచ్చు. "నన్ను పిలిచినందుకు థ్యాంక్స్, ఈసారికి నేను సిద్ధంగా లేను" అని రెండు ముక్కలు రాస్తే చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు. స్కాలర్‌షిప్ పోతుందేమో అని నువ్వు భయపడుతున్నావు. నీకిచ్చిన అవార్డు లెటర్ తీసి చదువు. మార్కుల గురించో ఫుల్‌టైమ్ చదువు గురించో ఉంటుంది, చాపెల్‌లో మాట్లాడాలని షరతు ఉందేమో నీ కళ్ళతో చూసుకో, అలాంటిది లేకపోతే ఆ భయం అక్కడితో వదిలెయ్. వద్దంటే నష్టం నాన్న దగ్గర, అది తర్వాత చెబుతా. ఇంకో చిన్న నష్టం కూడా ఉంది, పాస్టర్‌గారు వచ్చే ఏడు ఇంకో పిల్లని ఇదే ప్రశ్న ఇదే మాటల్లో అడుగుతారు. ఆ బరువు నువ్వు మొయ్యాలని నేననను, కానీ నీలాంటి పిల్ల దాని గురించి తప్పకుండా ఆలోచిస్తుంది కాబట్టి రాశాను.

అడిగింది అడిగినట్టు చెయ్యొచ్చు. చీర కట్టుకుని ఏడు నిమిషాలు మాట్లాడితే చప్పట్లు కొడతారు, కొందరు ఏడుస్తారు, బయటికొచ్చాక కౌగిలించుకుంటారు. ఆ ప్రేమలో అబద్ధం ఉండదు. కానీ అంత చిన్న క్యాంపస్‌లో ఆ తర్వాత మిగిలిన రెండున్నరేళ్ళూ నువ్వు బయాలజీ అమ్మాయివిగా కాకుండా చాపెల్‌లో మాట్లాడిన ఇండియా అమ్మాయివిగా ఉంటావు. నీ ఫొటో పత్రికలో పడితే దాని కింద ఏం రాస్తారో నీ చేతిలో ఉండదు. పైగా తెలుగువాళ్ళకి నీ సంగతి నీ నోటి నుంచి కాకుండా డైనింగ్ హాలు తలుపు మీద పోస్టర్ చూసి తెలుస్తుంది. వీటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టంగా అనిపించేది ఈ ఆఖరిదే.

మూడోది, ఒప్పుకుంటూనే విషయం మార్చడం. నాకైతే మనసు ఇటే పోతోంది, అలాగని ఇదే చెయ్యమని నా మాట కాదు. పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళి, మెయిల్లో కాకుండా ఎదురుగా కూర్చుని, "మీరు అడిగిన ప్రశ్న నాకు సరిపోదు, మేం ఐదు తరాల నుంచి ఉన్నాం, మా గుంటూరు గురించి చెబుతాను, మతం మారిన కథ చెప్పను" అని చూడు. లైవ్ వద్దు, ఫొటో వద్దు అని కూడా అడగొచ్చు, అడిగే హక్కు నీకుంది, రాతపూర్వకంగా అడుగు. వీడియో ఒకసారి బయటికి పోతే ఎవరి ఫోన్లలో తిరుగుతుందో మనకి తెలీదు, నీతోపాటు ఇక్కడ మీ ఇంట్లో అందరూ అందులో ఉన్నట్టే లెక్క, అందుకే చుట్టాల పేర్లూ ఊరి పేరూ చెప్పకుండా మాట్లాడు. అయినా కోటు కొనిపెట్టిన మనిషి ఈ మాత్రం అర్థం చేసుకోదని నేననుకోను. అర్థం చేసుకోకపోతే అప్పుడు వద్దనొచ్చు, ఆ తలుపు ఎటూ తెరిచే ఉంటుంది.

చాపెల్ అసలే వద్దనుకుంటే, ఇదే విషయాన్ని క్లాసులోకి పట్టుకెళ్ళొచ్చు. నీకు బీ-మైనస్ వచ్చిన సెమినార్‌లో ఉన్నది పద్నాలుగుమందే. ఆ ప్రొఫెసర్ ఆఫీసు టైములో వెళ్ళి "నాకు పదిమందిలో వెంటనే మాట రాదు, రాసుకొచ్చి చదవనా" అని అడుగు. పెద్ద యూనివర్సిటీలో మూడొందలమంది క్లాసులో ఇలా అడిగే వీలు తక్కువ, చిన్న చోటుకి ఉన్న లాభమే ఇది, ఫీజు కట్టేది కూడా అందుకే, వాడుకో. గుంటూరు మిషన్ మీద ఒక పేపరు రాస్తానంటే ఒప్పుకునే ప్రొఫెసర్ ఒకళ్ళైనా దొరుకుతారు. అమెరికా లూథరన్ సంఘం రికార్డులు ఇలినాయ్‌లో ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో భద్రం చేశారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, మిషనరీలు తమ దేశానికి రాసిన ఉత్తరాల్లో మిషనరీలే మాట్లాడతారు. మీ నాన్నమ్మ మాట అందులో ఉండదు, అది నువ్వే పట్టుకెళ్ళాలి.

నమ్మకం సంగతి అడిగావు. రిలీజియన్ కోర్సులో సువార్తలని చరిత్రలాగా చదివేసరికి కాళ్ళకింద నేల కదిలిందన్నావు. అక్కడ అది కొత్తేం కాదు, ఆ కోర్సు పెట్టిందే అలా చదవడానికి. లూథర్ 1517లో రాసిన 95 ప్రతిపాదనలు యూనివర్సిటీలో వాదించుకోవడానికి రాసినవే, ఆయనా ప్రొఫెసరే కదా. అనుమానం వచ్చినంత మాత్రాన నువ్వు నాన్నకి ద్రోహం చేసినట్టు కాదు. దీనికి ఫిబ్రవరి లోపు జవాబు రావక్కర్లేదు, పదేళ్ళు పట్టినా ఫర్వాలేదు.

ఇక శనివారం వంటింటి సంగతి.

"బీసీలం" అన్నందుకు నువ్వు ఏడాదిగా తప్పు చేసినదానిలా బాధపడుతున్నావు. ఎస్సీ కులాల మీద 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు, అందుకే మీ వాళ్ళని బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆ అక్షరం నువ్వు పెట్టుకున్నది కాదు, అది చెప్పనందుకు నువ్వు దొంగవి కావు. కులం అడిగిన మనిషికి పూర్తి జవాబు బాకీ పడ్డామని ఎక్కడా లేదు. నవ్వినందుకు కూడా నిన్ను నువ్వు తిట్టుకోకు. తొమ్మిదిమంది మధ్యలో, ఊరు కాని ఊళ్ళో, మళ్ళీ శనివారం అన్నం అక్కడే తినాల్సిన పిల్ల నవ్వకుండా ఏం చేస్తుంది?

పాలపిండి మాట అన్నవాళ్ళకి మాత్రం ఒక సంగతి తెలియదు. అమెరికా లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆవిడ కట్టిన ఆస్పత్రిలో మన జిల్లాలో అన్ని కులాల ఆడవాళ్ళూ పురుళ్ళు పోసుకున్నారు, నేను పుట్టింది కూడా అక్కడే. ఏసీ కాలేజీలో చదివినవాళ్ళలో ఎన్టీ రామారావు కూడా ఉన్నాడు. చదువూ వైద్యమూ అందరూ తీసుకున్నారు, పాలపిండి పేరు మాత్రం మీ మీద వేశారు. ఇది వాళ్ళకి చెప్పి గెలవమని రాయడం లేదు, నీ మనసులో ఉంచుకోమని.

చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం. చెప్పకుండా ఉండిపోతే శనివారాలు ఇప్పట్లాగే గడుస్తాయి, కానీ ప్రతి మాటా చూసుకుని మాట్లాడే శ్రమ ఉంటుంది, అది ఎంత అలసటో నీకే తెలుసు. అందరికీ ఒకేసారి చెబితే కొందరు మామూలుగానే ఉంటారు, ఒకరిద్దరు పైకి మర్యాదగా ఉంటూనే వంటకి పిలవడం తగ్గిస్తారు, ఈ రెండోది జరగదని నేను నీకు మాటివ్వలేను. మధ్యలో ఒక దారి ఉంది. నీకు పరీక్షలప్పుడు ఉప్మా చేసి గదికి తెచ్చిన నెల్లూరమ్మాయి గురించి రాశావు. ఆ అమ్మాయి ఆ రోజు నవ్విందో లేదో గుర్తు తెచ్చుకో. నవ్వకపోతే, ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళేటప్పుడు ఎప్పుడైనా చెప్పి చూడు. ఒక్క మనిషికి తెలిసి ఏమీ మారకపోతే మిగతా ఎనిమిదిమంది బరువు చాలా తగ్గుతుంది. మారితే, నష్టం ఒక్కరి దగ్గరే ఆగుతుందని నేననను, అంత చిన్నచోట మాట పాకుతుంది, దానికీ మనసు గట్టిచేసుకునే చెప్పు.

ఎవరైనా వెక్కిరించడం దాటి వేధించే దాకా వస్తే ఊరుకోవద్దు. కులం అన్న మాటని బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో వివక్షని నిషేధించే నియమాల్లో చేర్చాయి. మీ దగ్గర ఆ మాట లేకపోవచ్చు, అయినా మతం, వంశం, పుట్టుక అన్న మాటలు ఉంటాయి, వాటికింద ఫిర్యాదు చెయ్యొచ్చు. తేదీ, అన్న మాట, ఎవరున్నారు, ఇవి ఫోన్లో రాసిపెట్టుకుంటూ ఉండు.

డాలస్ మాటకొస్తే, మారడం తప్పేం కాదు, కానీ నువ్వు దేన్నుంచి తప్పించుకోవాలనుకుంటున్నావో అది అక్కడ ఎక్కువ ఉంటుంది. ఇక్కడ ఇంటిపేరు అడిగేవాళ్ళు తొమ్మిదిమంది, అక్కడ ప్రతి కిరాణా కొట్లో ఉంటారు. అలాగే నీ సొంతవాళ్ళూ ఉంటారు, తెలుగు ఆరాధన ఉంటుంది, మావయ్య ఇంట్లో ఆదివారం భోజనం ఉంటుంది, దాన్ని తక్కువ చెయ్యను. ఖర్చు లెక్క చూసుకో. ఈ స్కాలర్‌షిప్ నీతో రాదు. అన్ని క్రెడిట్లూ ఒప్పుకోరు, ముఖ్యంగా ల్యాబ్ కోర్సులు, ఒక సెమిస్టర్ అటూ ఇటూ అవుతుంది. కొత్తచోట సీటొచ్చాక ఇక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసు నీ సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల మీద అమెరికా ప్రభుత్వం ఉంచే రికార్డు, అటు పంపాలి, వాళ్ళు కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసాకి ఆధారమైన పత్రం) ఇవ్వాలి, అది తేలేదాకా ఇక్కడ క్లాసులు మానకూడదు. ఫిబ్రవరి చాపెల్ గురించిన భయంతో మాత్రం ఈ నిర్ణయం తీసుకోకు. ఏప్రిల్లో కూడా వెళ్ళాలనే అనిపిస్తే అప్పుడు వెళ్ళు.

మిగిలింది నాన్న. ఆయన సంతోషం వెనక ఏముందో నీకు తెలుసు, తరతరాలుగా "ఎవరో ఇచ్చింది తీసుకున్నవాళ్ళు" అని వినీ వినీ ఉన్న మనిషికి, తన కూతురు ఆ ఇచ్చినవాళ్ళ గుడిలోనే నిలబడి మాట్లాడడం ఎంత పెద్ద విషయమో. అందుకే చివరి నిమిషంలో వీడియో లేదని చెప్పకు. పాస్టర్‌గారితో మాట్లాడిన వారంలోనే ఫోన్ చెయ్, వంటింట్లో జరిగింది కూడా చెప్పు. మీ నాన్న ఆ మాటలు విననివాడేం కాదు, నీకంటే ముప్ఫయ్యేళ్ళు ముందే విన్నాడు. నీకక్కడ శనివారం రాత్రి అయితే ఆయనకి ఇక్కడ ఆదివారం పొద్దున, గుడికి బయల్దేరే ముందు. మాట్లాడడం అయ్యాక ఫోన్ నాన్నమ్మకి ఇమ్మను, స్టాల్ స్కూల్ హాస్టల్లో మొదటి రోజు ఏం తిన్నదో, పక్కన ఎవరు పడుకున్నారో అడుగు, రికార్డింగ్ పెట్టుకుని.